కోరం

బడి గోడ మీద నా పేరు రాసిన్రు,
నీలం రంగుతోని, మరాఠీల.
చదువరాదు గని ఏ వరుసల ఉన్నదో ఎరుక.
అందరికన్న పైన లసుంబాయి, అధ్యక్షురాలు.
దాని కింద పోశమల్లు పేరు మీద
ఎప్పుడూ ఒక బల్లి కూసుంటది.

ఉందిర్వాడే సారు వార్ధా దిక్కు మనిషి.
మొదటి మీటింగునాడు
నల్లబల్ల మీద నిచ్చెన గీసిండు.
అడుగు మెట్టు మనం, బడి కమిటీ.
దాని మీద కేంద్రం, అన్నడు.
నేను కొంగు సర్దుకున్న.
ఢిల్లీ గింత జల్ది వస్తదనుకోలే.
సారు నవ్విండు. కాదు బాయీ,
మా దిక్కు కేంద్రమంటే పన్నెండు బళ్ళ కట్ట,
సైకిలు మీద తిరిగి రావచ్చు.
దాని మీద తాలూకా, సిరొంచ.
ఆ మీద జిల్లా, గడ్చిరోలి,
బస్సుల పొద్దంత పడుతది.
ఆ మీద రాష్ట్రం.
ఇగ బల్ల అంచుకు, జాగ లేక సగమే పట్టింది
ఇంకో కేంద్రం. గది ఢిల్లీ.

అడుగుకూ కొసకూ ఒకటే పేరు.
నడుమ మెట్లెక్కుడే తిప్పలు.

నేను తెలుగుల చెప్పిన:
వాన పడితే రెండో తరగతి పోయి
మూడో తరగతి ఒళ్ళె కూసుంటది.
సారు మరాఠీల రాసిండు:
గది మరమ్మతు గురించి.
పన్నెండు బళ్ళ కాడ వాన తీసేసిన్రు.
సిరొంచల పిల్లల్ని తీసేసిన్రు.
గడ్చిరోలి చేరేసరికి మా బడి ఒక అంకె.
ముంబైల దాన్ని ఇంగ్లీషు చేసిన్రంట.
ఢిల్లీ దాక పోయిందో లేదో,
పోతే ఏమని పేరు చెప్పుకున్నదో.

సంక్రాంతి దాటినంక జవాబు దిగొచ్చింది.
రెండు కాయితాలు, మూడు ముద్రలు.
నా బిడ్డ ప్రాజక్త, నాలుగో తరగతి,
నిలబడి మాకు చదివి చెప్పింది:
నెల లోపల మళ్ళ మీటింగు పెట్టాలె.
పదమూడు మందిల పదిమంది ఉండాలె.
లేకపోతే కోరం లేదు, అర్జీ చెల్లదు.

కోరం అంటే ఏంది, అన్నడు పోశమల్లు.
కోరుడు మానుకుంటమని రాసియ్యాల్నా?
కోరకపోతే రేకులెట్ల వస్తయే?
సారుకు తెలుగు అందలే.
మేం ఎందుకు నవ్వినమో
ఇప్పటికీ అడుగుతడు.

నవ్వు రెండు దినాలే.
మూడోనాడు ట్రాలీ వచ్చింది, మిరప ఏరుడుకు.
పదిమందిమి ఎక్కినం, గోదారి దాటినం,
పిల్లల్ని కూడా ఎక్కించుకున్నం.
ఊళ్ళె ముగ్గురు మిగిలిన్రు,
ఒగలకు చెవుడు.

పద్దెనిమిదో దినం చేన్ల ఉన్న.
గట్టు మీద ఎవరో తెల్లంగి మనిషి,
చంకల రిజిస్టరు, చెప్పులు చేతుల.
మూడు బస్సులు మారిండంట.
ఎవని చేనో తెల్వక
ప్రతి చేను కాడ నా పేరు పెట్టి కేకేసిండంట.

ఆసామి గడియారం చూసిండు.
అర్ధగంటకు కూలి కోత, అన్నడు.
కోసుకో, అన్న.
సాళ్ళ నడుమ కూసున్నం, బస్తాల మీద.
అర్జీల ఈసారి వాన మళ్ళ రాపిచ్చిన.
రెండో తరగతిని పేర్లతోని రాపిచ్చిన,
పదకొండు పేర్లు.
స్థలం అన్న గడి కాడ సారు కలం ఆగింది.
మిరపచేను అని రాస్తే
కాయితం సిరొంచ గడప దాటదన్నడు.
గట్టు మీద పిల్లలు
తొడిమలతోని ఎక్కాలు పేరుస్తున్నరు.
అటు చూసి బడి అని రాసిండు.

కలం పది చేతులు తిరిగింది,
పొద్దుగాలటి నుంచి కాయలు తెంపిన చేతులు.
వద్దు సారూ అనేలోపే
ఆ కలం పట్టిన చేతితోనే కన్ను తుడుసుకున్నడు.
ఇగ చూడు.
కుండెడు నీళ్ళు పోసినా ఆగలే.

వాపసు పోయేటప్పుడు బస్సుల
పక్కన ముసలామె అడిగిందంట,
ఎవరు పోయిన్రు కొడుకా, గట్ల ఏడుస్తున్నవు?
వచ్చిన తెలుగంత కూడగట్టి
సారు చెప్పిండంట:
పదిమంది ఉన్నరు అమ్మా,
పదిమందీ ఉన్నరు.