మొదటి అక్షరం

ఏడు రోడ్ల జంక్షన్‌లో బట్టల కొట్టు మీద మేడ.
మెట్లెక్కుతుంటే కొత్త గుడ్డల గంజి వాసన.
ఆదివారం మధ్యాహ్నం కింద షట్టరు పడ్డాక
పైన రెండు గదులూ మావి.
రెండు మిషన్లు. ఒకటి పారినాయుడిది,
రెండోదానికి ఇంకా నాలుగు వాయిదాలు కట్టాలి,
అదీ పారినాయుడిదే.

బల్ల మీద ఎర్ర అట్ట పద్దుపుస్తకం.
మొదటి పేజీలో పసుపు బొట్టు, శ్రీరామ,
ఆ కిందనే పారినాయుడి దస్తూరీ:
"హైమెమ్ ముందు, మౌస్ తర్వాత.
తిరగేస్తే మెమరీ చాలదు."
ఎవరికి ఏది తెలిస్తే అది రాసేవాళ్లం.
"కరెంటు పోయేముందు ఫ్యాను గొంతు మారుతుంది.
అప్పుడే సేవ్ కొట్టండి."
"విశాఖకి మోడెం పదకొండు దాటాకే. పావు ఛార్జీ."
"వానాకాలం ఫ్లాపీలు బియ్యం డబ్బాలో దాచండి."
ఇది నేను రాసింది. కింద ఎవరో ఆకుపచ్చ సిరాతో:
"దాచాను. మా అమ్మ చేటలో పోసి చెరిగేసింది."

బిసోయి మాత్రం రాసేవాడు కాదు.
ఇచ్ఛాపురం మనిషి, మిల్లులో లెక్కలు చూసేవాడు,
చెరిపేసిన ఫైళ్లని వెనక్కి తెస్తాడని పేరు.
మా బ్యాంకు పద్దు ఒకసారి అలాగే తెచ్చిపెట్టాడు.
స్క్రీనుకి వీపు అడ్డంపెట్టి
ఏవో నాలుగు మీటలు కొట్టి
చేతులు దులుపుకుని లేచాడు.
"ఏటి చేసినావు బావూ?" అంటే
"ఏటీ నేదు" అని నవ్వు.
ఆ ఏటీ నేదుకి వంద రూపాయలు.

శ్రావణంలో ఓ ఆదివారం పారినాయుడు
విశాఖ నుంచి నల్లతీగ చుట్ట తెచ్చాడు, పదిహేను మీటర్లు.
ముందు గదినీ వెనక గదినీ కలుపుతాడట.
తీగ రెండు కొసలకీ రెండు మూతలుండాలి.
ఒక మూత చొక్కా జేబు చిల్లులోంచి
బస్సులోనో, బస్సు కిందో.
మూత లేకపోతే ఏమవుతుందో అతనే చెప్పాడు:
పోయిన మాట కొసకి తగిలి వెనక్కి తిరిగొచ్చి
ఎదురొస్తున్న మాటని గుద్దేస్తుంది.
అలాంటి ఇళ్లు మాకు తెలుసు, ఎవరమూ మాట్లాడలేదు.

వీధి చివర రేడియో మెకానిక్కుని పిలుచుకొచ్చాం.
యాభై ఓములు కావాలన్నాం.
"యాభై నేదు. నూరువి రెండున్నాయి.
పక్కపక్కన కట్టీసినామంటే యాభై అవుద్ది" అన్నాడు,
బియ్యానికి కొలత చెప్పినంత తేలిగ్గా.
తగరం పొగ లేచింది. ఊది చల్లార్చి
"దీంట్లో ఏ స్టేషను పట్టుద్ది?" అని అడిగాడు.
డబ్బులు పుచ్చుకోలేదు. వెనక గది గుమ్మంలో
గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

బయట వాన. నాగావళి వంతెన దాకా తెల్లగా.
నా స్క్రీను మీద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"అందిందా?"
జవాబు టైపు చెయ్యాలని తెలుసు.
గోడ దద్దరిల్లేలా అరిచాను: అందింది!
ఆ కేక పుస్తకంలో లేదు గానీ
ఆ రోజు తీగకన్నా అదే ముందు చేరింది.

అందరూ టీకి దిగారు. బిసోయి దిగలేదు.
తిరిగొచ్చేసరికి పుస్తకంలో తడి ఆరని గీతలు,
ఒరియా గుండ్రం కలిసిన తెలుగు:
"చెరిపేసినా ఫైలు పోదు.
పేరులో మొదటి అక్షరం మాత్రమే పోతుంది.
ఆ ఒక్కటీ మీరు గుర్తుపెట్టుకుంటే చాలు.
మిగతాది మిషనుకి గుర్తుంటుంది."
కింద సంతకం లేదు.
వంద రూపాయల ఊసూ లేదు.

ముప్పై ఏళ్లవుతోంది.
ఆ వాక్యాన్ని చాలా వాటి మీద వాడి చూశాను.
కొన్ని వచ్చాయి.
నూరూ నూరూ పక్కన కట్టి
మా రెండు గదులు కలిపిన మనిషి పేరు మాత్రం,
"గ" దగ్గరే ఆగిపోతుంది.
గవరయ్యా, గంగులా,
గురువులా?