ఈ పేరేనా?

నారాయణగూడలో, పాల బూత్ పక్క సందులో
ఇబాదుల్లా మాస్టర్ కొలతల పుస్తకాలు పదకొండు.
చెదలు తినగా మిగిలినవి తొమ్మిది.
పోయిన ఎండాకాలమంతా కూర్చుని
వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను,
మూడు నెలల అద్దె బదులు. పైన నేనుండే గది ఆయనదే.

లక్ష్మారెడ్డి, లచ్చారెడ్డి, లక్మారెడ్డి.
మనిషి ఒక్కడే, బాకీ మాత్రం మూడు చోట్ల.
మాస్టర్ ఉర్దూ కుడి నుంచి బయల్దేరి
పాత గుమాస్తా తెలుగు ఎడమ నుంచి వచ్చి
పేజీ మధ్యలో
నడుము కొలత దగ్గర కలుసుకున్నాయి.

మొదట రాసిన పైథాన్ ప్రోగ్రాం నలభై రెండు లైన్లు.
పేరు కొడితే చాలు,
దగ్గరగా ఉన్న పేరు తనే ఎంచుకుని
పాఠం అప్పజెప్పే పిల్లాడిలా
కళ్లు మూసుకుని కొలతలు చెప్పేసేది.
నాకది తెలివిగానే కనిపించింది.

శ్రావణంలో వెంకటస్వామి వచ్చాడు.
చిక్కడపల్లి, కరెంటాఫీసు, నెలాఖరుకి రిటైర్‌మెంట్.
బూడిదరంగు సూటు గుడ్డ సంచిలోంచి తీసి
పసిబిడ్డనిచ్చినట్టు ఇచ్చాడు.
మాస్టర్ ఆ వారం గుల్బర్గాలో ఉన్నాడు.
కత్తెర పట్టింది కొత్త కుర్రాడు సాయిలు.

ప్రోగ్రాం ఇచ్చిన కొలతలు వెంకటాస్వామివి,
అంబర్‌పేట పహిల్వాన్, ఛాతీ నలభై ఎనిమిది.
పోలిక తొంభై ఐదు శాతం పైనే.
ఒక్క దీర్ఘం తేడా.
ఆ దీర్ఘంలో ఇంకో మనిషి పట్టేంత గుడ్డ!

అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడాయన,
వేళ్లు కనపడని చేతులతో.
"ఇందులో నేనెక్కడ బాబూ?" అన్నాడు.

మాస్టర్ వచ్చాక అరవలేదు.
చెవి మీది సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టాడు.
"నేను గూడా పేర్లు మర్చిపోత.
మర్చిపోతే అడుగుత.
మీ మిషిన్‌కు నోరు లేదా?"

ఆ రాత్రి కొత్తగా రాశాను.
దగ్గరి పేర్లు మూడు వెతుకు.
పోలిక సున్నా పాయింట్ ఆరుకి తగ్గితే చూపించకు.
చూపించినా ఎంచకు. ఆగు.
"నిర్ధారించండి" అని పెట్టి చూశాను,
పోలీస్ స్టేషన్‌లో బల్ల ముందు నిలబెట్టినట్టుంది.
కొట్టేశాను.
అరగంట పట్టింది ఆ ఒక్క లైనుకి:
ఈ పేరేనా? అ / కా
దాని పక్కన మినుకుమంటూ
జవాబుకోసం కాచుక్కూచునే సన్నటి గీత.

ఇప్పుడు సాయిలు చదువుతాడు, మాస్టర్ చెబుతాడు.
ఆయన తెర వంక చూడడు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూస్తాడు.
"ఎడమ భుజం దిగింది గద, ఈయన గాదు. కా కొట్టు."
"కా."
"ఇగో, ఈ మెడ నాకెర్కనే. అ కొట్టు."

నిన్న సాయంత్రం వాన వెలిశాక ఒకామె వచ్చింది.
లాయరు కోటు కుట్టాలట, సోమవారానికి.
పేరు శిరీష అంది. ఇదివరకు ఇక్కడ కుట్టించాను అంది.
సాయిలు కొట్టాడు. ఏ పేరూ రాలేదు.
మాస్టర్ కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని
"పోశవ్వవు గదా బిడ్డా నువ్వు?
బడి యూనిఫాం కుట్టిచ్చింది మీ నాయిన,
పైసలు గురువారం గురువారం ఇచ్చెటోడు."

ఆమె ముందు వీధివైపు చూసింది.
తర్వాత సాయిలు వైపు, నా వైపు.
"అ," అంది, కీ నొక్కినంత చిన్నగా.

రాత్రి లెక్కేసి చూశాను ఆ రెండు పేర్లని.
సున్నా పాయింట్ ఒకటి ఎనిమిది.
ఉమ్మడిగా ఉన్నది ఒక్క శ.

కొత్త పేరు ఎక్కించాం, కొత్త కొలతలు ఎక్కించాం.
పాత పేరు ఉంచాలా, తీసెయ్యాలా?
ఆ ప్రశ్న నా ప్రోగ్రాంలో ఇంకా లేదు.
సోమవారం కోటుకి వస్తుంది.
అడగడం ఎలాగో
రెండు రోజులుంది ఆలోచించుకోడానికి.