ఆరు చుక్కలు

ఆగస్టు మూడో వారం.
వుయోలాంపిలో జనమంతా అడవిలో
బ్లూబెర్రీలు ఏరుకుంటున్నారు, వేళ్ళు నీలమయ్యేదాకా.
నేను రింకు మెట్ల కింది గదిలో
కుట్లు విప్పుతున్నాను.

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది:
వెళ్ళేవాళ్ళు పదకొండు మంది
వచ్చేవాళ్ళు తొమ్మిది మంది
ఇద్దరి సంగతి ఇంకా తేలలేదు.
ఆ ఇద్దరి జెర్సీలు కొక్కేనికే ఉంచాను.
తేలనివాళ్ళ పేరు విప్పడానికి
నాకు చెయ్యి రాదు.

గోల్‌కీపర్ స్విట్జర్లాండ్ వెళ్ళాడు, కుక్కతో సహా.
పొట్టి డిఫెండర్ ఆట మానేసి
మామగారి రంపపు మిల్లులో చేరాడట.
మిగతావాళ్ళవి చిన్న పేర్లు, చిన్న ఒప్పందాలు.
టీ చల్లారేలోపు ఊడొచ్చాయి.

పదిహేడో నంబరు దగ్గర సూది ఆగింది.
యాంకాలా.
పద్నాలుగు సీజన్లు.
ఏడు అక్షరాల్లో మూడింటికి
నెత్తిన రెండేసి చుక్కలు.
వెరసి ఆరు.
ఒక్కో చుక్కా చొక్కా గుండీ అంత,
ఒక్కోదానికి పన్నెండు కుట్లు.
మొదటి ఏడు ఆ చుక్కల్ని తిట్టుకుంటూ కుట్టాను.
"మీ తాత ఇంకాస్త తేలిక పేరు
పెట్టుకోలేకపోయాడా" అన్నాను.
పంతొమ్మిదేళ్ళ పిల్లాడు, సిగ్గుపడి
మర్నాడు నాకో ఏలకుల బన్ను తెచ్చాడు.

కాగితంలో రాశారు: "పరస్పర అంగీకారంతో."
అంగీకరించిన ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలీదు.
వాళ్ళలో అతను మాత్రం లేడు.

అక్షరాలు ఊడాయి గానీ
గుడ్డ మీద చిల్లుల వరస ఉండిపోయింది.
వెలుతురుకి పట్టుకుంటే
పేరు ఇంకా చదవొచ్చు.
ఆవిరి పడితే మూసుకుంటాయంటారు.
అనేవాళ్ళెవరూ ఇస్త్రీపెట్టె పట్టినవాళ్ళు కారు.
కొత్త జెర్సీలు కొందామా అంటే
హౌకి జట్టు దగ్గర డబ్బెక్కడిది?
ఛాతీ మీది ఆకుపచ్చ చేప కూడా
రెండుసార్లు అతుకు పడ్డదే.

పదిహేడు ఇప్పుడు లాత్వియా కుర్రాడికి.
స్ట్రౌటిన్ష్.
తొమ్మిది అక్షరాలు, వాటిలో ఒకదానికి నెత్తిన కొక్కెం,
ఒకదానికి కింద ఒత్తులాంటి తోక.
పాత పేరులోంచి రెండే పనికొచ్చాయి,
ఒకటి చుక్కలు తీసేస్తే, ఒకటి తోక తగిలిస్తే.
తోకకి గుడ్డ ముక్క దొరక్క
ఒక చుక్కనే వంకీగా కత్తిరించాను.
ఎవరికీ చెప్పలేదు.
కుర్రాడు అద్దంలో వీపు చూసుకుని
తోక మీద వేలు పెట్టి నవ్వాడు.
కిందటి జట్టులో అది లేకుండానే
రెండేళ్ళు ఆడాడట.

మిగిలిన అయిదు చుక్కలూ బిస్కట్ డబ్బాలో పడ్డాయి,
ఎవరికిస్తారో ఇంకా తేల్చని
కెప్టెన్ అక్షరం పక్కన.

సెప్టెంబరులో మొదటి ఆట.
కొత్త మంచు వాసన, కాల్చిన సాసేజి వాసన,
డప్పు తప్పుగా కొట్టే అదే ముసలి తీమో.
ఎదుటి జట్టు తీరం నుంచి వచ్చింది, ఎర్ర జెర్సీల్లో.
ఆ ఎరుపులో యాంకాలా.
అతని బొమ్మ గోడకి అంటించుకుని పడుకున్న పిల్లలే
అతని కర్రకి పక్ తగిలినప్పుడల్లా
ఈలలేసి గేలి చేశారు.
తప్పు వాళ్ళది కాదు,
వాళ్ళకి చేపొక్కటే తెలుసు.

స్ట్రౌటిన్ష్ కొట్టిన పక్ ఇనుప స్తంభానికి తగిలి
హాలంతా మోగింది.
అంతే, మోగింది.
రెండుకి నాలుగుతో ఓడిపోయాం.
నాలుగో గోలుకి పక్ అందించిందెవరో
మైకులో చెప్పినప్పుడు
నేను దారపు ఉండలో తల దూర్చాను.

ఆట అయ్యాక తడి రబ్బరు నేల మీద
నా గది గుమ్మం దాకా వచ్చాడు, స్కేట్లు విప్పకుండా.
"చూశావా, తుయిరే?"

చూశాను.
గోలు గురించి అడుగుతున్నాడని తెలుసు.
"మూడో అక్షరం మీద
ఎడమ చుక్క కిందికి జారింది," అన్నాను.
"ఎవరు కుట్టారో గానీ
ఆరు కుట్లతో సరిపెట్టేశారు."

వెనక్కి తిరిగి వీపు చూపించాడు,
చిన్నపిల్లాడు గుండీ పెట్టించుకోడానికి
నిలబడ్డట్టు.
బయట వాళ్ళ బస్సు హారన్ కొట్టింది.
డబ్బా మూత తీసి
సూదిలో ఎర్ర దారం ఎక్కించాను.