తొలి నలుసు

నవంబరు. సరస్సు మీద మంచు మూరెడు మందం దాటింది.
ఒహొనూన్ మామ గునపంతో ఒక్క పోటు పొడిచి
చెవి ఒగ్గి వింటాడు.
"కొయ్యొచ్చు."

మా ఊళ్లో కుళాయి లేదు.
చలికాలమంతా తాగేనీళ్లు పలకలు పలకలుగా
గుర్రం లాగే జారుబండి మీద ఇంటికొస్తాయి.

మంచుకి మడి ఎక్కువ.
గడ్డకట్టేటప్పుడు ఎవర్నీ ముట్టనివ్వదు.
ఉప్పునీ బురదనీ కుళ్లిన ఆకుల కషాయాన్నీ,
ఆఖరికి గాలిబుడగనైనా సరే
"జరుగు, కిందికి జరుగు" అంటూ
అడుగు చీకట్లోకి నెట్టుకుంటూ పోతుంది.
అందుకే పలక తియ్యన.
మిగిలిన నీళ్లు
మార్చికల్లా చేపలే ఈసడించుకునేంత చిక్కన.

ఈ మడంతా తీరిక ఉన్నన్నాళ్లే.
పోయిన నెల ఒక రాత్రి చలి విరుచుకుపడింది.
మంచు పరుగందుకుంది.
పరిగెత్తేవాడు ఎవర్ని పక్కకి నెట్టగలడు?
ఉన్నవాళ్లని ఉన్నచోటే మింగింది.
ఇదుగో, ఈ పలకలో అడ్డంగా తెల్లచార,
ఆ రాత్రిదే:
పేలాల్లా బుడగలు, ఒక గడ్డిపోచ,
ఈదుతూ ఈదుతూ ఆగిపోయిన నీటిపురుగు.

చార పలకలు పశువులకని
మామ వేరుగా పేరుస్తాడు.
మా నానమ్మ మార్పా వాటిలోంచే ఒక ముక్క ఏరుకుంటుంది.
టీకి రుచొస్తుందని వంక.

రెయిన్‌డీర్లు మేపే వాళ్లింటి నుంచి
పందొమ్మిదో ఏట ఈ ఊరొచ్చింది. వేరే భాష.
"పదేళ్లు జరుగు జరుగు అన్నారే.
వరదొచ్చిన ఏడు అందరం ఒకే కప్పెక్కాం.
నన్ను దిగమనే తీరిక ఎవరికీ లేకపోయింది.
తర్వాత మరి గుర్తు రాలేదేమో!"
నవ్వుతుంది. రెండే పళ్లు.

యాకుత్స్క్ లాబ్‌లో నేను చూసింది చెప్పాను:
ధూళి కణం లేకుండా వడగట్టిన నీళ్లు
గాజుగొట్టంలో
సున్నా దాటినా, మైనస్ పదిహేను దాటినా
నీళ్లుగానే నిలబడ్డాయి,
ఎలా మొదలుపెట్టాలో తెలీక.
చిటికెడు దుమ్ము రాల్చాను.
రెప్పపాటులో కొసదాకా తెల్లబడింది.
నెట్టేసే ఈ మంచు పుట్టడానికే
ఒక పరాయి రేణువు కావాలి, నానమ్మా.

ఆవిడ ఆశ్చర్యపోలేదు.
"నలుసు పడందే కడుపు పండుతుందా?" అంది.

కప్పు అడుగున గడ్డిపోచ తేలింది.
వేలితో తీసి
చల్లటి కిటికీ అద్దానికి అంటించింది.
పొద్దున చూద్దువులే, అని
దీపం తగ్గించింది.