కూజా పట్టుకున్నవాడు

విందుకెళ్తే నేను కుర్చీ వెతుక్కోను.
గుమ్మం దగ్గరే కూజా అందుకుంటాను.
మా కఖేతీలో దాన్ని పట్టినవాడికి ఒక పేరుంది: మెరికిపే.
పోసేవాడు, అంతే.
పోసేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

పదకొండేళ్ళుగా ఇదే నా దాక్కునే చోటు.
తెలావీలో పెళ్ళైనా, కొండ మీద ఎవరి బాప్తిస్మమైనా
"ఎంత సాయగుణమో మన మూర్మాన్‌కి" అంటారు ఆడవాళ్ళు.
భయమని ఒక్కరికీ తట్టదు.
కూజా పెద్దది. వెనక మనిషి కనబడడు.

పంతొమ్మిదో ఏట ఒక్కసారి లేచాను,
తాత పేరు మీద గ్లాసెత్తి.
గొంతులో పచ్చి వెలక్కాయ.
ఎవరో దగ్గారు. ఎవరో గబుక్కున పాటెత్తుకుని
నన్ను గట్టెక్కించారు.
ఆ గట్టు మీదే ఉన్నాను ఇప్పటికీ, తడి బట్టలతో.

ఈ శరదృతువు, ద్రాక్ష కోత ముగిసిన రాత్రి,
బల్లకి నలభై మంది.
విందుపెద్ద బద్రీ మామ లేచి
నేలకి, పోయినవాళ్ళకి, తల్లులకి, ఒక్కో గుక్క.
మాట ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తుంది,
పంక్తిలో వడ్డన వచ్చినట్టు.
నిలబడ్డవాడికి విస్తరుండదు. నాకు నిశ్చింత.

నిలబడ్డవాడికి వేరేవి తెలుస్తాయి.
మా అన్న ఒతార్ నవ్వేముందు
నవ్వొచ్చా అని భార్య వంక చూస్తాడు.
ఆ భార్య, నెస్తాన్ వదిన,
మూడో గ్లాసు నుంచీ పెదవి తడిపి దించేస్తోంది.
ఇంకా ఎవరికీ చెప్పలేదు.
చివర్న లామ్‌జీరా అత్త, గ్లాసు మీద అరచెయ్యి మూత.
ఎడంపక్క కుర్చీలో తన చేతిసంచి.

"అలావెర్దీ! ఇప్పుడు మన మూర్మాన్!"
బద్రీ మామ గ్లాసు నావైపే.
నలభై దవడలు నమలడం ఆపాయి.
చెవుల్లో రైలు.
త్బిలిసీ డాక్టరమ్మ చెప్పింది కదా,
కంటికి కనిపించేవి ఐదు లెక్కపెట్టమని:
రొట్టె. ముల్లంగి. మొద్దుబారిన కత్తి.
ఎవరిదో కళ్ళజోడు.
చేతిసంచి.

అక్కడ ఆగిపోయాను.
"ఆ కుర్చీకి," అన్నాను.
ఇంకేదో రావాలి. రాలేదు. మళ్ళీ అన్నాను,
"సంచి కాపలా కాస్తోంది కదా, ఆ కుర్చీకి."

ఎవరూ దగ్గలేదు.
సోలికో మామ లేని మొదటి విందని
అప్పుడు గుర్తొచ్చింది చాలామందికి.
అత్త గ్లాసు మీంచి చెయ్యి తీసింది.
పోశాను. సగం బల్లగుడ్డ మీదే పోశాను.
ఎవరో ఉప్పు చల్లారు.

నా గుండె మాత్రం నా మాట వినలేదు.
పెరట్లో కుళాయి దగ్గర చతికిలబడి
అన్నవన్నీ తిరగతోడుకున్నాను:
కాపలా అనకుండా ఉండాల్సిందేమో,
సంచి మాట ఎందుకెత్తాను,
అత్తకి కోపమొచ్చిందేమో.
ముచ్చెమటలు, చలిలో.

తలుపు తెరుచుకుంది. నెస్తాన్ వదిన
వాల్‌నట్ చెట్టు కింద వంగి
తిన్నదంతా కక్కేసింది.
నన్ను చూసింది. నేను చూశాను.
కూజా కడిగి, నీళ్ళు నింపి,
ఆమె చాచిన దోసిట్లో పోశాను.
ఆమె పుక్కిలించింది.
ఇద్దరం ఒక్క మాటా అనలేదు.
ఆ రాత్రి నేను బాగా మాట్లాడింది అప్పుడే.

వచ్చే నెల గుర్జానీలో పెళ్ళి.
కూజా నాదేనని
ముందే ఫోన్ చేసి చెప్పేశాను.