పదకొండు ఎలుకల తర్వాత

ట్రోమ్‌సోలో సూర్యుడు సెలవు పెట్టే నెలల్లో
మా ల్యాబు ఫ్రీజరు ఒక్కటే
ఎర్రటి అంకెలతో మేలుకుని ఉండేది.
మైనస్ ఎనభై.
లోపల, సముద్రపు నాచు నుంచి మేం తీసిన జిగురు,
మానని పుండు మీద పొరలా అతుక్కునేది,
నాలుగేళ్లుగా నిద్రపోతోంది.

దాని మీద వ్యాసం అచ్చయింది. కేకు కోశాం.
గ్రాంటు ఇచ్చినవాళ్లు
"పరిశోధన అయిపోయింది కదా" అన్నారు.
పెట్టుబడి పెట్టేవాళ్లు
"ఇంకా మొదలే కాలేదు కదా" అన్నారు.
ఆ రెండు 'కదా'ల మధ్య
మా ప్రొఫెసర్ మారిట్ ఎల్వెనెస్ జుట్టు నెరిసింది.

అప్పుడొచ్చాడు ఓడ్‌వార్ క్వాల్నెస్,
ఎనభై ఒకటో ఏట, బూట్ల మంచు గడపలో దులుపుకుంటూ.
బతుకంతా చేపల వలలు అల్లించి అమ్మినవాడు.
గ్రాఫులు చూపిస్తే
కళ్లజోడు జేబులోంచి తీయనే లేదు.
"ఎన్ని కాళ్లు మానాయి?"
"పదకొండు ఎలుకలవి" అన్నాను,
లెక్క తప్పకూడదని.
ఆయన నవ్వలేదు.
భార్య ఓస్లౌగ్ మడమ గురించి ఒక్క వాక్యం మొదలెట్టి
సగంలో ఆపేశాడు.

ఆయన డబ్బు గొప్ప కలలకు కాదు.
శుభ్రమైన గది అద్దెకు,
పేటెంటు రుసుముకు,
ఒక్కోసారి ఒక్కోలా గడ్డకట్టే జిగురుకు
బుద్ధి నేర్పే విసుగు పనికి,
నా జీతానికి కూడా, దాచడమెందుకు.
గోడ మీద పేరు వద్దన్నాడు.
లాభమంటూ వస్తే తన వంతు
పక్క ల్యాబు ఫ్రీజరు తెరవడానికి వాడమన్నాడు.

మూడో విడత పాడైంది. బూజు.
ఫోను నేనే చేశాను, నాలుక తడారిపోయి.
"వల చిరిగిందని సముద్రం మానేస్తామా?
ఎక్కడ చిరిగిందో చెప్పు."
చెప్పడానికి మాకు ఏడు నెలలు పట్టింది.

సంతకాల రోజు
కంపెనీ లాయరు కాగితాలు తిప్పుతుంటే
ముసలాయన ఒక పేజీ మీద వేలు పెట్టాడు.
"కొనలేనివాడి కాలికి ఎంత?"
హీటరు చప్పుడు అందరికీ వినిపించింది.
ఆ ఒక్క వాక్యానికి పదమూడు రోజులు వాదించుకున్నారు.
చేరింది చివరికి, చిన్న అక్షరాల్లో,
మేం కోరినంత గట్టిగా కాదు.

ఇవాళ ఆసుపత్రిలో మొదటి మనిషి,
హామర్‌ఫెస్ట్ నుంచి బస్సులో వచ్చిన మాజీ పోస్ట్‌మాన్,
సాక్సు విప్పి కాలు చాపాడు.
నర్సు పొర అంటించింది.
"చల్లగా ఉంది" అన్నాడు. అంతే.
మానుతుందో లేదో ఆరు వారాలకు గాని తెలియదు.

ల్యాబుకొచ్చి ఫ్రీజరు తెరిచాను.
రెండో అరలో
డబ్బా ఉండాల్సిన చోట, చుట్టూ పేరుకున్న మంచులో,
నలుచదరంగా ఒక ఖాళీ.