రద్దీ

మరాఠీల రద్దీ అంటే చిత్తుకాయిదం.
మా ఇంట్ల రద్దీ అంటే మంది.
బల్లార్షా అవతల అట్టల మిల్లుల
మొదటిరోజు ధోటే సారు "రద్దీ వచ్చింది, పదండి" అంటే
కొంగు సదురుకొని మనుషుల కోసం చూసిన.

లారీల మనుషులు లేరు.
ఇనుప పట్టీలు బిగించిన బేళ్ళు,
సముద్రం దాటి, వార్ధా వంతెన దాటి వచ్చిన
అమెరికా ఇండ్ల చెత్తబుట్టలు.
పట్టీ తెంపితే ఉస్సుమని ఉబ్బినయి,
పెండ్లి విందు నుంచి వచ్చి నడుంపట్టీ విప్పినట్టు.

మా పని ఏరుడు.
తెల్లది ఒక దిక్కు, గోధుమరంగుది ఒక దిక్కు,
ప్లాస్టిక్ కిటికీ ఉన్న కవర్లు వేరే.
చదువుడు మా పని కాదు, కూలి తూకం మీద.
సిరొంచల ఏడు దాక మరాఠీ బడి,
తెలుగు అమ్మ నోట్లకెల్లి,
ఇంగ్లీషు మాత్రం నాకు ఇట్లనే వచ్చింది:
చిరిగిన కాడ మొదలై చిరిగిన కాడ ఆగుతది.

ఒకనాడు గుమ్మడికాయల బొమ్మ, ఎర్రటి ఆకులు,
మీద ఇంతింత అక్షరాలు: ఫాల్ సేల్.
చీర ఫాల్ అగ్గువకిస్తున్నరు అని చెప్పిన బాయక్కకు.
ఫాల్ ముప్పై, కుట్టుకూలి యాభై, లెక్క మాకెరికే.
"మరి గుమ్మడికాయ ఎందుకే?"
తనే ఆలోచించి తనే అన్నది,
"దిష్టికి. కొత్తచీర గదా."
రెండు నెల్లు అట్లనే నమ్మినం.
ఇంకో ముక్కల తేలింది, అది ఆకు రాలే కాలమట,
చెట్టు చీర విప్పే కాలం.
మరీ అంత తప్పేం పోలే మేం.

బేబీ షవర్ పిలుపుకార్డు దొరికిననాడు
బాయక్క ముక్కుమీద వేలేసుకుంది.
మా గల్లీల పుట్టిన ప్రతి పిల్లకు
కాళ్ళు చాపి, పండబెట్టి నీళ్ళు పోసిన మనిషి.
"ఒక్క పిల్లకు పొయ్యనీకి నలభైమందా?"
ధోటే సారు ఫోనుల చూసి చెప్పిండు,
పిల్ల ఇంకా పుట్టలేదు, తల్లి కడుపుల ఉంది,
నీళ్ళు కాదు, కానుకలు పోస్తరు.
"అయితే శ్రీమంతం అనొచ్చు గదా,
తడి లేని మాటకు షవరెందుకు?"

పసుపుపచ్చ చిట్టీ ఒకటి ఇంకా యాదికుంది.
రెయిన్ చెక్.
డబ్బాల పీచ్‌పండ్లు రెండు, కింద ఎవరిదో వంకర సంతకం.
వానకు చెక్కు రాసిందెవరా అని
మధ్యాహ్నం దాక దాన్ని పిడికిట్లనే ఉంచుకున్న.
మా నాయన పత్తిగింజ రెండుసార్లు విత్తిన ఏడు
ఏ మబ్బూ సంతకం పెట్టలేదు.
సారు విడమరిచిండు:
సరుకు ఇయ్యాల లేదు, వచ్చినంక రా,
ఇదే ధరకిస్తం, మాట.
వానకు ఆట ఆగితే
ఇంకోనాడు చూడనిచ్చే చీటీ అట మొదట్ల.
మా రేషను షాపాయన ఇదే ఇస్తడు,
చిట్టీ లేకుంట, నోటితోని: రేపు రా.

నిన్న రాత్రి పాళీల
కిటికీ కవరు ఒకటి చింపకుంటనే ఆగిన.
పేరు కింద ఇంకో వరస,
ఆర్ కరెంట్ రెసిడెంట్.
ఆ పేరాయన లేకపోతే కరెంటున్నాయనకు ఇయ్యిమని అనుకున్న.
అనుకున్నంతల్నే కరెంటు పోయింది.
గుజ్జు మర సగం నమిలిన కాయిదంతోని నోరు తెరిచి నిలబడ్డది.
చీకట్ల, దోమల్ల, నిమ్మలంగ తట్టింది
కరెంటంటే తీగల పారేది ఒక్కటే కాదు,
ఇప్పటిది అని.
పేరెవరిదైనా గానీ
ఇప్పుడా ఇంట్ల ఎవరుంటే వాళ్ళది.

నాలుగు తరాలాయె మేం ఇక్కడ.
ఏ కాయిదం పట్టుకపోయినా బల్ల అవతలాయన అడుగుతడు,
"మూల్ గావ్ కుఠలే?", అసలు ఊరేది?
ఆ ఊరు నేను చూడనేలేదు.

దీపాలొచ్చినయి. మర గుర్రుమన్నది.
కవరింక చేతిలనే ఉంటే బాయక్క అడిగింది,
"ఎవరికే ఉత్తరం?"
"మనకే."
"పైసలున్నయా అండ్ల?"
చింపి చూసిన.
"లేవు. పరుపుల మీద సగానికి సగం తగ్గింపు,
మొన్న ఆదివారం దాకనే."
"రెయిన్ చెక్ అడుగు," అన్నది బాయక్క
గోధుమరంగు కుప్ప దిక్కు జరుగుకుంట.